నగదు లేకుండా రోజువారీ ఖర్చును అదుపులో పెట్టుకునే పద్ధతి

జేబులో నోట్లు పెట్టుకోవడం మానేస్తే ఖర్చు దానంతటదే తగ్గుతుందన్న నమ్మకంతో ఈ పద్ధతిలోకి దిగేవారు చాలామంది ఉంటారు. నేనూ అలాగే దిగాను. మొదటి నెల ముగిశాక బ్యాంకు స్టేట్‌మెంటు తీసి చూసుకుంటే, ఖర్చు తగ్గకపోగా అంతకు ముందు నెలకన్నా పెరిగి కనిపించింది. ఎక్కడ పెరిగిందా అని పైనుంచి కిందికి వేలు పెట్టి వెతికితే పెద్ద వస్తువు ఒక్కటీ తగల్లేదు. అన్నీ చిన్న చిన్న చెల్లింపులే, విడివిడిగా చూస్తే దేన్నీ తప్పు పట్టడానికి వీలులేనివే. నగదు మానేసినంత మాత్రాన అదుపు రాదని, ఇన్నాళ్లూ నోటు నాకు తెలియకుండా చేసిపెడుతున్న పనిని ఇకమీదట నేనే చేసుకోవాలని ఆ స్టేట్‌మెంటు చూశాకే అర్థమైంది. ఆ పని ఏమిటో, దాన్ని కార్డుతోనూ ఫోనుతోనూ ఎలా చేయించుకోవచ్చో చెప్పడానికే ఈ వ్యాసం.

నోటు చేసే పని

ఒక చెల్లింపును దగ్గరగా గమనించండి. పర్సు తెరుస్తాం, మడతలు విప్పి నోట్లు లెక్కపెడతాం, ఒకటి ఎక్కువ వచ్చిందేమోనని వేలితో మరొకసారి రాసి చూస్తాం, అవతలి చేతికి అందిస్తాం, చిల్లర తీసుకుంటాం, మళ్లీ మూసేటప్పుడు పర్సు పలచబడిన సంగతి చేతికి తెలుస్తుంది. ఆ అర నిమిషంలో నోటు రెండు పనులు చేసింది: డబ్బు పోతున్నదని కాస్త గుచ్చింది, ఇంకెంత మిగిలిందో చూపించింది. అదే చెల్లింపు ఫోనుతో చేస్తే ఒక చిన్న మోత, తెరమీద ఒక టిక్కు గుర్తు, అంతే. గుచ్చుకోవడమూ లేదు, మిగిలినది కనబడడమూ లేదు. అందుకు బదులుగా నోటుకు ఎన్నడూ చేతకాని పనిని ఫోను చేస్తుంది. ఏ రోజున, ఏ గంటకు, ఎవరికి, ఎంత ఇచ్చామో మరచిపోకుండా రాసిపెడుతుంది.

ఈ గుచ్చుకోవడం నా ఒక్కడి ఊహ కాదు. డ్రేజన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టీన్ అనే పరిశోధకులు 1998లో దీన్ని 'చెల్లింపు బాధ'గా వర్ణించి, డబ్బు ఇచ్చే క్షణానికీ వస్తువును అనుభవించే క్షణానికీ మధ్య దూరం పెరిగేకొద్దీ ఆ బాధ ఎలా మారుతుందో చర్చించారు. అదే ప్రెలెక్, డంకన్ సిమెస్టర్‌తో కలిసి 2001లో ప్రచురించిన ప్రయోగంలో, క్రీడా పోటీ టికెట్లను విద్యార్థుల ముందు వేలానికి పెట్టి, కొందరిని నగదుతో చెల్లించాలని, కొందరిని క్రెడిట్ కార్డుతో చెల్లించాలని చెప్పారు. కార్డువారు పాడిన ధరలు నగదువారి ధరలకు దాదాపు రెట్టింపు వరకూ వెళ్లాయి. చేతిలో డబ్బు లేకపోవడం ఒక్కటే ఈ తేడాకు కారణం కాదని వారు వాదించారు. ప్రతి కొనుగోలులోనూ ఇంత తేడా వస్తుందని దీని అర్థం కాదు. ధర ముందే తెలిసిన, రోజూ కొనే వస్తువుల విషయంలో తేడా చాలా తక్కువగా ఉండవచ్చు. కానీ ఎటువైపు జారుతామో మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకొక పరిశోధన నాకు మరింత ఉపయోగపడింది. ప్రియా రఘుబీర్, జాయ్‌దీప్ శ్రీవాస్తవ 2009లో చూపించినదేమిటంటే, ఒకే మొత్తాన్ని పెద్ద నోటుగా ఇచ్చినప్పుడు మనుషులు దాన్ని ఖర్చుపెట్టడానికి వెనకాడతారు, చిల్లరగా ఇస్తే సులభంగా ఖర్చుచేస్తారు. పెద్ద నోటు మార్చామా, ఇక ఆ చిల్లర నిలవదని మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాటే ఇది. దీన్ని నగదు లేని బతుక్కు అన్వయించి చూడండి. ఖాతాలో ఉన్న డబ్బు ఎంతైనా సరే, అది మార్చవలసిన అవసరమే లేని చిల్లర. అడ్డుపడడానికి పెద్ద నోటు అనేదే అక్కడ లేదు. కాబట్టి ఆ అడ్డును మనమే నిలబెట్టాలి.

మొదటి నెల చూడడానికే

పద్ధతి మొదలుపెట్టడానికి ముందు ఒక నెలపాటు ఏమీ మార్చకుండా, ఏదీ తగ్గించకుండా, చెల్లించగలిగిన ప్రతిదాన్నీ డెబిట్ కార్డుతోనో ఫోనుతోనో చెల్లించండి. నెలాఖరున స్టేట్‌మెంటు దించుకుని, వీలైతే కాగితంమీద అచ్చువేసుకుని, ప్రతి పద్దు పక్కనా అది దేనికోసమో మీ చేతితో రాయండి. ఈ పనిని తనంతట తాను చేసిపెట్టే యాప్‌లు ఉన్న మాట నిజమే కానీ మొదటిసారి వాటికి అప్పగించకపోవడం మంచిది. యాప్ వేసిన రంగురంగుల వృత్తాన్ని చూసి 'సరే' అనుకుని మూసేస్తాం. మన చేత్తో నలభైసార్లు 'ప్రయాణం' అని రాసినప్పుడు మాత్రం నలభై అనే సంఖ్య మనసులో దిగుతుంది.

ఈ పనిలో రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది, స్టేట్‌మెంటులో పడే పేరూ దుకాణం బోర్డుమీద ఉన్న పేరూ ఒకటి కాకపోవడం. ఒకసారి నేనెన్నడూ వినని సంస్థ పేరు ఒకటి నా స్టేట్‌మెంటులో కనబడింది. మోసమేమోనని కంగారుపడి బ్యాంకుకు ఫోను చేయబోతూ, ఎందుకో దాని పక్కనున్న సమయం చూశాను: ఉదయం 11 గంటల 40 నిమిషాలు. ఆ వేళకు ఎక్కడున్నానో గుర్తుచేసుకుంటే సంగతి తేలింది. ఒక్క బల్బు కొనడానికని వెళ్లి, బల్బుతోపాటు రెండు బ్యాటరీలు, ఒక పొడవాటి వైరు, అక్కడ కనబడేదాకా అవసరమని తోచని ఒక చిన్న టార్చి పట్టుకుని బయటికి వచ్చిన దుకాణమది. రెండో చిక్కు కూడా అందులోనే ఉంది. స్టేట్‌మెంటు మొత్తాన్నే చెబుతుంది, అందులో ఏముందో చెప్పదు. బల్బుకైన ఖర్చూ టార్చికైన ఖర్చూ దానికి ఒక్కటే వరుస. అందుకని ఒకేచోట నాలుగు రకాల వస్తువులు కొన్నప్పుడు బిల్లును ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి; రాసుకునేటప్పుడు దాన్ని విడగొట్టవచ్చు.

ఏటీఎంలో తీసిన డబ్బుకు ఈ నెలలో ఒక ప్రత్యేకమైన వరుస పెట్టి, దానికి 'తెలియదు' అని పేరు రాయండి. నెల చివర ఆ వరుస కింద కూడిన మొత్తమే మీరు నగదు మానేయడంవల్ల మొట్టమొదట వెలుగులోకి వచ్చే డబ్బు. నా విషయంలో అది నేను అనుకున్నదానికన్నా చాలా పెద్దది.

రెండు ఖాతాలు, ఒక వారం

ఈ పద్ధతికి ఇదే వెన్నెముక కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

జీతం వచ్చే ఖాతాకు కార్డునుగానీ చెల్లింపుల యాప్‌నుగానీ తగిలించి వాడుకోవడం అన్నింటికన్నా పెద్ద పొరపాటు. ఆ ఖాతాలో అద్దె డబ్బు, బీమా డబ్బు, పొదుపు డబ్బు, ఈ రోజు ఖర్చుపెట్టవలసిన డబ్బు అన్నీ ఒకే కుప్పలో పడి ఉంటాయి. నెల మొదట్లో కుప్ప పెద్దదిగా కనిపించడంవల్ల మనం ఉన్నవాళ్లమన్న భ్రమ కలుగుతుంది. డబ్బు డబ్బే అయినా మనుషులు దాన్ని మనసులో వేర్వేరు పద్దులుగా విడదీసి, ఒక పద్దులోది మరొక పద్దుకు తీయడానికి వెనకాడతారని రిచర్డ్ థేలర్ వివరించాడు. మానసిక లెక్కలమీద చేసిన ఆ కృషి కూడా ఆయనకు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి రావడానికి ఒక కారణం. డబ్బాలలో, కవర్లలో వేర్వేరుగా డబ్బు దాచుకునే ఇల్లాళ్లకు ఈ సంగతి చెప్పనవసరం లేదు. నగదు లేనప్పుడు ఆ డబ్బాల స్థానంలో ఖాతాలను నిలబెట్టాలి.

కాబట్టి రెండో ఖాతా ఒకటి తెరవండి. కనీస నిల్వ నిబంధన లేనిది, డెబిట్ కార్డు ఇచ్చేది, ప్రతి చెల్లింపుకూ వెంటనే సందేశం పంపేది అయితే చాలు. ఫోనులోని చెల్లింపుల యాప్‌కు ఈ ఖాతాను మాత్రమే జతచేయండి. జీతం ఖాతాను దాని నుంచి తొలగించండి. అద్దె, కరెంటు, బీమా, అప్పు వాయిదాలు, పిల్లల చదువు వంటి స్థిరమైన చెల్లింపులన్నీ జీతం ఖాతా నుంచే పోతాయి. రోజువారీ ఖర్చు మాత్రం ఈ రెండో ఖాతా నుంచి జరుగుతుంది. దానిలోకి వారానికొకసారి, ఒకే రోజున, ఒకే మొత్తం తనంతట తాను బదిలీ అయ్యేలా బ్యాంకుకు స్థిర ఆదేశం ఇవ్వండి.

నెలకు బదులు వారం ఎందుకంటే, నెల అనేది మనసుకు అందనంత పొడవైన కాలం. ఇరవై రోజుల తరువాత వచ్చే కటకట ఈ రోజు చేతిని ఆపదు. నాలుగు రోజుల తరువాత వచ్చేది ఆపుతుంది. పైగా ఒక వారం చెడిపోతే నష్టం ఒక వారంతో పోతుంది. బదిలీ రోజును సెలవులకు ముందు రోజుగా కాకుండా పని దినాలలో మొదటి రోజుగా పెట్టుకోండి. సెలవుకు ముందు డబ్బు వస్తే అందులో ఎక్కువ భాగం ఆ రెండు రోజుల్లోనే కరిగిపోయి మిగిలిన వారమంతా పొడిగా గడుస్తుంది. వారం మొదట్లో వస్తే, సెలవులకోసం కొంత మిగుల్చుకోవాలన్న ఆలోచన వారమంతా చేతిని వెనక్కు లాగుతుంది.

ఎంత బదిలీ చేయాలన్న లెక్కలో చాలామంది ఒక తప్పు చేస్తారు. మీ నెల ఆదాయాన్ని 100 భాగాలు అనుకుందాం. స్థిరమైన చెల్లింపులకు 55, పొదుపుకు 15, ఏడాదికొకసారి వచ్చే పెద్ద ఖర్చులకోసం పక్కన పెట్టేది 5 పోగా, రోజువారీ ఖర్చుకు 25 మిగులుతాయి. నెలకు నాలుగు వారాలే కదా అని దీన్ని నాలుగుతో భాగిస్తే వారానికి 6.25 వస్తుంది. కానీ ఏడాదికి 52 వారాలు, 6.25ను 52తో గుణిస్తే 325. మీ దగ్గరున్నది మాత్రం 12 నెలలకు 25 చొప్పున 300. అంటే పన్నెండు నెలల్లో పదమూడు నెలల డబ్బు ఖర్చుపెడతామన్నమాట, అదీ ఏ వారమూ హద్దు దాటకుండానే. సరైన లెక్క 25ను 12తో గుణించి 52తో భాగించడం, అది 5.77 అవుతుంది. ఈ చిన్న తేడా తెలియకనే 'బడ్జెట్ ప్రకారమే నడుస్తున్నాను, అయినా పొదుపు ఎందుకు తరిగిపోతోంది' అని తలపట్టుకునేవారు ఉంటారు.

ఏడాదికొకసారి వచ్చే ఖర్చులకోసం పెట్టిన ఆ 5 భాగాలను తేలిగ్గా తీసుకోవద్దు. వాహనం బీమా, మరమ్మతులు, పెళ్లిళ్లకు ఇచ్చే కానుకలు వంటివి అనుకోని ఖర్చులని పేరు పెట్టుకుంటాం గానీ, అవి ఏటా వస్తూనే ఉంటాయి. రాని నెలలో వాటికోసం డబ్బు తీసిపెట్టకపోతే, వచ్చిన నెలలో వారపు పద్ధతి మొత్తం కూలిపోతుంది.

గుచ్చుకునేలా చేయడం

హద్దు ఏర్పడింది, ఇక గుచ్చుకోవడాన్ని తిరిగి తెచ్చుకోవాలి. ఇందుకు కంపెనీలు మనకోసం ఎంతో శ్రమపడి నునుపు చేసిన దారిని మనమే కాస్త గరుకు చేసుకోవాలి.

ఆన్‌లైన్ దుకాణాలలో భద్రపరిచిన కార్డు వివరాలన్నీ తొలగించండి. పదహారు అంకెలు లేచి వెళ్లి చూసి టైపు చేయవలసి వచ్చినప్పుడు, సగం కొనుగోళ్లు అల్మరా దాకా కూడా వెళ్లవు. ఒక్క నొక్కుతో కొనే సదుపాయాన్ని ఆపండి. పిన్ అవసరం లేకుండా తాకిస్తే చెల్లిపోయే సదుపాయం కార్డుకు ఉంటే, బ్యాంకు యాప్‌లో దాన్ని ఆపడమో దాని పరిమితిని తగ్గించడమో చాలా బ్యాంకుల్లో వీలవుతుంది. రోజుకు ఇంతకు మించి పోకూడదన్న పరిమితి కూడా అక్కడే పెట్టుకోవచ్చు. దాన్ని వారపు మొత్తంలో మూడో వంతు దగ్గర ఉంచితే, ఒక్క సాయంత్రంలో వారమంతా ఖాళీ అయ్యే ప్రమాదం తప్పుతుంది.

చెల్లింపు సందేశాలను మాత్రం ఎప్పుడూ ఆపవద్దు. ఆ సందేశంలో ఎంత పోయింది అన్నదానికన్నా ఎంత మిగిలింది అన్నది ముఖ్యం. పర్సు పలచబడడానికి బదులుగా మనకున్నది అదొక్కటే. బ్యాంకు మిగిలిన నిల్వను సందేశంలో చెప్పకపోతే, యాప్ తెరిచి చూడడాన్ని అలవాటు చేసుకోండి. అదీ చెల్లించాక కాదు, చెల్లించడానికి ముందు. నేను వరుసలో నిలబడి ఉన్నప్పుడే నిల్వ చూస్తాను. వెనకున్నవారికి నేను ఫోనులో ఏదో చదువుకుంటున్నట్టు కనిపిస్తుంది కాబట్టి మొహమాటం కూడా ఉండదు.

దీనితోపాటు ఒక చిన్న పుస్తకమో, ఫోనులోనే ఒక నోటో పెట్టుకుని, డబ్బు ఇవ్వడానికి ముందు మొత్తాన్ని అందులో రాయండి. బ్యాంకే రాసిపెడుతుండగా మళ్లీ మనం రాయడం దేనికన్న ప్రశ్న న్యాయమైనదే. బ్యాంకు రాసేది గుర్తుండడానికి, మనం రాసేది ఆగడానికి. రాయడానికి పట్టే పది సెకన్లలో కొన్నిసార్లు వస్తువును తిరిగి అరలో పెట్టేస్తాం. ఈ రాత జీవితాంతం అక్కర్లేదు; మూడు నెలలు రాసినవారికి ఆ తరువాత రాయకపోయినా ఆగే గుణం కొంత మిగులుతుంది.

క్రెడిట్ కార్డు సంగతి

నగదు లేకుండా బతకడమంటే క్రెడిట్ కార్డుతో బతకడమని అనుకునేవారికి ఒక మాట. ఖర్చు అదుపులోకి వచ్చేదాకా క్రెడిట్ కార్డును ఇంట్లో వదిలేయండి. అందులో మిగిలిన నిల్వ అనేదే ఉండదు. కనిపించేది అప్పు పరిమితి. దాన్ని మన డబ్బని భ్రమించడం చాలా సులభం. పైగా ఈ వారం కొన్నదాని బిల్లు వచ్చే నెల వస్తుంది కాబట్టి వారపు హద్దుకు అర్థమే లేకుండా పోతుంది.

గడువులోగా మొత్తం బిల్లు కట్టేవారికి వడ్డీ ఉండదు. కట్టలేక 'కనీస మొత్తం' దగ్గర ఆగేవారి లెక్క చూడండి. నెలకు 3 శాతం వడ్డీ వినడానికి చిన్నదే, కానీ వడ్డీమీద వడ్డీ పడితే ఏడాదికి అది సుమారు 42.6 శాతం అవుతుంది. 100 భాగాల అప్పు ఉందనుకుని, కొత్తగా ఏమీ కొనకుండా, ప్రతి నెలా వడ్డీతో కలిపిన బాకీలో 5 శాతం చొప్పున కనీస మొత్తం కడుతూ పోతే, ఏడాది తిరిగేసరికి చెల్లించినది దాదాపు 55 భాగాలు. ఇంకా మిగిలిన అప్పు సుమారు 77 భాగాలు. కట్టిన 55లో 32 వడ్డీకే పోయాయి. తడిసి మోపెడవడమంటే ఇదే. చాలా కార్డుల్లో, పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదన్న సంగతి మరీ తక్కువమందికి తెలుసు.

క్రెడిట్ కార్డు తప్పనిసరిగా వాడవలసినవారు, ఉదాహరణకు ప్రయాణాల బుకింగులకు, ఒక పని చేయవచ్చు. కార్డుతో చెల్లించిన రోజునే అంత మొత్తాన్నీ వారపు ఖాతా నుంచి కార్డు ఖాతాకు కట్టేయండి. వారపు నిల్వ అప్పటికప్పుడే తగ్గుతుంది కాబట్టి కార్డు పేరుకు క్రెడిట్ కార్డే అయినా నడవడం డెబిట్ కార్డులాగే నడుస్తుంది. 'ఇప్పుడు కొనండి, తరువాత కట్టండి' అనే వాయిదా పథకాల దగ్గర మాత్రం ఈ కిటుకు కూడా పనిచేయదు. ఒక్కొక్కటీ చిన్నదిగా కనిపించే నాలుగైదు వాయిదాలు వేర్వేరు తేదీల్లో ఖాతామీద పడుతుంటే ఏ వారపు లెక్కా నిలవదు.

లెక్కను తప్పించే పద్దులు

వారానికొకసారి, బదిలీకి ముందు రోజు రాత్రి, ఇరవై నిమిషాలు స్టేట్‌మెంటు ముందు కూర్చోండి. అందులో కొన్ని పద్దులు ఉన్నదానికన్నా వేరుగా కనిపిస్తాయి. నలుగురు కలిసి వెళ్లినప్పుడు మీరొక్కరే మొత్తం చెల్లించి, తరువాత ముగ్గురూ తమ వాటా పంపారనుకోండి. స్టేట్‌మెంటులో ఒక పెద్ద ఖర్చు, మూడు జమలు ఉంటాయి. ఆ జమలను ఆదాయంగా భావించి మళ్లీ ఖర్చుపెట్టడం తెలియకుండానే జరిగిపోతుంది. నికరంగా మీ వాటా మాత్రమే ఖర్చని రాసుకోండి. వెనక్కు ఇచ్చిన వస్తువుకు వచ్చే రీఫండ్ కూడా అటువంటిదే; అది వచ్చిన వారపు సొమ్ము కాదు, పోయిన వారపు సొమ్ము.

హోటల్ గదులు, అద్దె వాహనాలు, కొన్నిచోట్ల ఇంధనం నింపే యంత్రాలు అసలు బిల్లుకన్నా ఎక్కువ మొత్తాన్ని ముందుగా పట్టి ఉంచి, తరువాత తేడాను వదిలిపెడతాయి. ఆ వదిలిపెట్టడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. వారపు ఖాతాలో ఉన్న కొద్ది డబ్బూ అలా ఇరుక్కుపోతే ఇబ్బందే కాబట్టి అటువంటి చెల్లింపులను జీతం ఖాతా నుంచి చేయడమే మేలు.

సబ్‌స్క్రిప్షన్లు ఇంకొక రకం. నెలకు ఒకసారి కోసుకుపోయేవి కనీసం కంటపడతాయి. ఏడాదికొకసారి పోయేవి ఎవరికీ గుర్తుండవు. ఒకసారి పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు దించుకుని ఆటో పే పద్దులన్నీ ఒక కాగితంమీద రాసి, గడిచిన మూడు నెలల్లో ఒక్కసారైనా వాడని వాటిని ఆ రోజే రద్దు చేయండి. మళ్లీ కావాలనిపిస్తే మళ్లీ చేరడానికి రెండు నిమిషాలు చాలు.

వారం మధ్యలో ఖాతా ఖాళీ అయినప్పుడు

అవుతుంది. మొదటి రెండు నెలల్లో తప్పకుండా అవుతుంది. అప్పుడు జీతం ఖాతా నుంచి గుట్టుచప్పుడు కాకుండా మరికొంత బదిలీ చేసుకుంటే పద్ధతి ఆ రోజుతో ముగిసినట్టే, ఎందుకంటే హద్దు కదులుతుందని మనసుకు తెలిసిపోయింది. మందులకు, ప్రయాణానికి నిజంగా కావలసి వస్తే వచ్చే వారపు మొత్తం నుంచి మాత్రమే తీసుకోండి, అంత మేరకు ఆ వారపు బదిలీని తగ్గించండి. వరుసగా మూడు వారాలు ఇలాగే జరిగితే తప్పు మీ నిగ్రహంలో లేదు, లెక్కలో ఉంది. వారపు మొత్తం మీ నిజమైన అవసరాలకు సరిపోవడం లేదు. దాన్ని పెంచి, పెంచినంత మేరకు స్థిర ఖర్చుల్లోగానీ పొదుపులోగానీ తగ్గించుకోవాలి. మరీ బిగించిన లెక్క ఎవరి దగ్గరా ఆరు నెలలు నిలవదు.

వారం చివర మిగిలితే ఏం చేయాలన్నది అంతకన్నా తీయని సమస్య. నేను మిగిలినదాన్ని అక్కడే ఉంచుతాను. పొదుపులోకి పంపేస్తే, మిగిల్చినందుకు నాకు దక్కిందేమీ లేదన్న ఉక్రోషంతో తరువాతి వారం ఏదీ మిగలదని గమనించాను.

కొంచెం నగదు, కొంచెం జాగ్రత్త

నగదును పూర్తిగా బహిష్కరించాలన్న పట్టుదల అనవసరం. నెట్‌వర్కు పనిచేయని రోజులుంటాయి, ఫోను చార్జింగు అయిపోతుంది, నోట్లు తప్ప మరేమీ తీసుకోనివారు ఉంటారు. ఒక వారపు ఖర్చులో నాలుగో వంతుకు సరిపడా నోట్లను మడిచి, రోజూ తీసే పర్సులో కాకుండా వేరేచోట ఉంచండి. ఆ నోట్లను ఏటీఎం నుంచి తీసిన రోజునే 'నగదు' పద్దు కింద ఖర్చుగా రాసేయండి. వాటిని నిజంగా దేనికి వాడారో తరువాత పట్టించుకోనక్కర్లేదు. ఆ పద్దు నెలనెలా పెరుగుతూ ఉంటే మాత్రం పాత 'తెలియదు' వరుస దొడ్డిదారిన తిరిగి వచ్చిందని గ్రహించాలి.

భద్రత విషయంలో రెండు ఖాతాల పద్ధతికి ఒక అదనపు లాభం ఉంది. ఫోను పోయినా, కార్డు వివరాలు ఎవరి చేతిలోనైనా పడినా, అందులో ఉన్నది ఒక వారపు డబ్బే. అయినా పిన్‌ను, ఓటీపీని ఎవరికీ చెప్పకూడదన్న నియమం మారదు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి మనం పిన్ కొట్టవలసిన పనిలేదు. డబ్బు పంపిస్తాం, పిన్ కొట్టండి అని ఎవరైనా అంటే వారు తీసుకోవడానికే వచ్చారు. క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేశాక, పిన్ కొట్టడానికి ముందు, తెరమీద వచ్చిన పేరునూ మొత్తాన్నీ ఒకసారి చదవండి. కార్డును ఆపించే బ్యాంకు నంబరును ఫోనులోనే కాక ఒక కాగితంమీద కూడా రాసి ఇంట్లో ఉంచండి, ఎందుకంటే ఆ నంబరు కావలసి వచ్చేది ఫోను పోయిన రోజునే.

ఇంట్లో ఒకరికన్నా ఎక్కువమంది ఖర్చు చేస్తుంటే, అందరూ ఒకే వారపు ఖాతాను వాడడంకన్నా ఎవరి ఖాతా వారికి ఉండి, ఉమ్మడి ఖర్చులకు మాత్రం మూడోది ఉండడం నయం. ఒకే ఖాతా అయితే ఒకరి ప్రతి చెల్లింపూ రెండోవారి ఫోనులో మోగుతుంది. అదుపు పేరుతో మొదలైన పని నిఘాగా మారడానికి ఎక్కువకాలం పట్టదు.

మూడు నెలలయ్యాక

మూడు నెలల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి, మొదటి నెలలో చేత్తో రాసిన పద్దులతో పోల్చండి. కొన్ని తగ్గి ఉంటాయి, ముఖ్యంగా ఎవరూ చూడని 'తెలియదు' వరుస. కొన్ని కదలనే కదలవు. అవి నిజమైన అవసరాలు, వాటిని వదిలేయండి. ఒకటో రెండో మాత్రం ఎన్ని సందేశాలు వచ్చినా, ఎన్నిసార్లు రాసుకున్నా పెరుగుతూనే ఉంటాయి. వాటి దగ్గర మీమీద మీరు కోపగించుకోవడంకన్నా ఆ ఒక్క పద్దును తిరిగి నోట్లలోకి మార్చడం సులభమైన మార్గం. నాకు అది పుస్తకాల పద్దు. ప్రతి నెలా మొదటి వారంలో దానికని కొన్ని నోట్లు తీసి ఒక కవరులో పెట్టుకుంటాను, పుస్తకాల దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ కవరును తప్ప కార్డునుగానీ ఫోనునుగానీ బయటికి తీయను. కవరు ఖాళీ అయిన నెలలో, నచ్చిన పుస్తకంలో నాలుగు పేజీలు నిలబడే చదివి, ఎక్కడ ఆపానో గుర్తుపెట్టుకుని, దాన్ని తిరిగి అరలో పెట్టి వస్తున్నాను.